పోటీ ఇద్దరిది, లాభం ఎవరిది?

"ప్రకృతిలోనే పోటీ ఉంది, ఇక మనమెంత?" ఈ మాట విననివాళ్ళు ఉండరు. పిల్లలకు ఈ ర్యాంకుల గోల ఎందుకని అడిగితే ఇదే జవాబు. ఏటా కొంతమంది ఉద్యోగులను అట్టడుగు జాబితాలో పెట్టి ఇంటికి పంపడం ఏం పద్ధతి అంటే ఇదే జవాబు. పెద్ద కంపెనీ చిన్న కంపెనీ పీక నులిమినా ఇదే జవాబు. బలమున్నవాడు బతుకుతాడు, లేనివాడు పోతాడు, అడవి నేర్పే నీతి ఇదే అని తేల్చేస్తారు.

నాకు ఈ మాట మీద చాలాకాలంగా కోపం ఉంది. పోటీయే వద్దని నేను అనను. పోటీ లేని చోట ఏం జరుగుతుందో కూడా రాస్తాను, అది ఇంకా ఘోరం. నా అభ్యంతరమల్లా అడవిని సాక్ష్యానికి పిలవడం మీదే. అడవిని నిజంగా బోనులో నిలబెడితే అది చెప్పే సాక్ష్యం వేరుగా ఉంటుంది.

రష్యన్ జీవశాస్త్రవేత్త గాస్ 1934లో అచ్చువేసిన ప్రయోగాలతో మొదలుపెడతాను. కంటికి కనిపించని ఏకకణ జీవులు, పారమీషియంలు. వాటిలో ఆరేలియా అనే రకాన్ని, కాడేటమ్ అనే రకాన్ని విడివిడిగా పెంచితే రెండూ హాయిగా పెరిగాయి. రెండింటినీ ఒకే గాజు గొట్టంలో వేసి ఒకే తిండి పెడితే ఆరేలియా మిగిలింది, కాడేటమ్ తుడిచిపెట్టుకుపోయింది. "చూశారా, బలవంతుడిదే రాజ్యం" అనేవాళ్ళు ఇక్కడితో ఆగిపోతారు. గాస్ ఆగలేదు. ఓడిపోయిన కాడేటమ్‌కే బర్సేరియా అనే ఇంకో రకాన్ని జతచేసి చూశాడు. ఈసారి రెండూ బతికాయి. ఒకటి నీళ్ళలో తేలే బాక్టీరియాను తింటూ పైన ఉండిపోయింది, మరొకటి అడుగున పేరుకున్న ఈస్టు తింటూ కింద ఉండిపోయింది. ఒకే గొట్టంలో రెండు జీవితాలు. ముఖాముఖి తలపడితే ఒకటే మిగులుతుంది, కాస్త పక్కకు జరిగితే ఇద్దరికీ చోటుంటుంది.

గాజు గొట్టంలో జరిగింది సరే, బయటి ప్రపంచంలో ఏం జరుగుతుందన్న ప్రశ్నకు నాకు తెలిసిన అన్నిటికంటే మంచి జవాబు గలపాగోస్ దీవుల్లో ఉంది. అక్కడ డాఫ్నీ మేజర్ అనే చిన్న రాతి దీవి మీద పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి దశాబ్దాల పాటు పిచ్చుకల్లాంటి ఫించ్ పక్షులను ఒక్కొక్కదాన్నే పట్టి, ముక్కు కొలిచి, కాలికి రింగు తొడిగి వదిలారు. ముక్కు కొలతలో మిల్లీమీటరులో కొంత తేడా ఉన్నా అక్కడ అది చావుబతుకుల విషయం. ఎందుకంటే ఆ దీవి మీద పల్లేరు జాతి మొక్క ఒకటి ఉంది. పల్లేరు కాయ ఎంత గట్టిదో కాలికి గుచ్చుకున్నవాళ్ళకు తెలుసు. దాన్ని పగలగొట్టి లోపలి గింజ తినాలంటే ముక్కు లావుగా, బలంగా ఉండాలి.

1977లో భయంకరమైన కరువు వచ్చింది. మెత్తటి చిన్న గింజలు ముందే అయిపోయాయి, మిగిలినవి పల్లేరు కాయలు. ఆ దీవిలో ఎక్కువగా ఉండే మధ్యరకం ఫించ్‌లలో పెద్ద ముక్కున్నవి ఎక్కువగా బతికాయి, చిన్న ముక్కువి ఎక్కువగా చచ్చిపోయాయి. తర్వాతి తరం ముక్కు సగటు పెరిగింది. ఇంతవరకు కథ బలవంతుడి పక్షానే ఉంది.

1982లో దీవికి కొత్త అతిథి వచ్చింది. పెద్దరకం ఫించ్, శరీరమూ ముక్కూ రెండూ భారీ. పల్లేరు కాయ దానికి లెక్కే కాదు. మొదట్లో కొన్నే ఉండేవి, మెల్లగా సంఖ్య పెరిగింది. 2003, 2004లో మళ్ళీ వాన మొహం చాటేసింది. ఈసారి ఏం జరిగిందో చూడండి. పెద్ద ఫించ్‌లు పల్లేరు కాయల్ని దాదాపుగా ఖాళీ చేసేశాయి. మధ్యరకంలో పెద్ద ముక్కున్న పక్షులు, అంటే 1977లో గెలిచినవాటి వారసులు, సరిగ్గా ఆ కాయల మీదే ఆధారపడ్డాయి కాబట్టి ఆకలితో రాలిపోయాయి. చిన్న గింజలతో సరిపెట్టుకున్న చిన్న ముక్కు పక్షులు మిగిలాయి. సగటు ముక్కు మళ్ళీ చిన్నదైంది. ఆ పెద్దరకం ఫించ్‌లు కూడా సుఖపడలేదు, తిండి ఊడ్చేశాక వాటిలోనూ చాలావరకు చచ్చిపోయాయి.

అదే దీవి, అదే కరువు, అదే కాయ. మొదటిసారి ప్రాణం నిలబెట్టిన గుణమే రెండోసారి ప్రాణం తీసింది. మధ్యలో మారింది ఒక్కటే, ఎదుట ఎవరున్నారన్నది. తనకంటే బలమైనవాడితో అదే కాయ కోసం తలపడకుండా వేరే గింజ వెతుక్కున్నదే బతికింది. దీన్ని పిరికితనం అనే ధైర్యం నాకు లేదు.

నేరుగా తలపడక తప్పని సందర్భాల్లో కూడా జంతువులు ఎంత ఆచితూచి అడుగేస్తాయో స్కాట్లాండ్‌లోని రమ్ దీవిలో ఎర్ర జింకల మీద జరిగిన పరిశీలనలు చెబుతాయి. జత కట్టే కాలంలో రెండు మగ జింకలు ఎదురుపడితే ముందు అరుస్తాయి. ఒకటి అరుస్తుంది, రెండోది బదులు అరుస్తుంది, అలా పోటాపోటీగా నిమిషాల తరబడి. గట్టిగా, ఆగకుండా అరవాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి, కాబట్టి ఆ అరుపే ఒక బలపరీక్ష. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. అప్పటికీ తేలకపోతే రెండూ పక్కపక్కన నడుస్తూ ఒకదాన్నొకటి కొలుచుకుంటాయి. కొమ్ములు కలపడం ఆ తర్వాతి మాట, ఎందుకంటే కొమ్ముల పోరులో గెలిచినవాడికి కూడా కన్ను పోవచ్చు, కాలు విరగొచ్చు. కుత్తుకలు కోసుకోవడాన్ని అడవి నీతి అనేవాళ్ళు ఒక్క సాయంత్రం ఆ జింకల్ని చూస్తే బాగుండు.

పక్కకు జరగడానికి వీల్లేని జీవుల సంగతి వేరు. చెట్లు కదలలేవు. అందుకే పోటీ అసలు ఖరీదు ఎంతో చెట్ల దగ్గరే స్పష్టంగా కనిపిస్తుందని నాకనిపిస్తుంది. కాలిఫోర్నియాలో హైపీరియన్ అనే రెడ్‌వుడ్ చెట్టు 115 మీటర్లకు పైగా ఎత్తుంది. చూసి నోరు వెళ్ళబెడతాం. కానీ ఆ ఎత్తు దేనికి? ఎండ కోసం. ఎండ మాత్రం ఆకాశం నుంచి అందరికీ సమానంగానే పడుతుంది, పది మీటర్ల ఎత్తున ఉన్న ఆకుకీ వంద మీటర్ల ఎత్తున ఉన్న ఆకుకీ పైన అడ్డం లేకపోతే అంతే ఎండ. అడవిలోని చెట్లన్నీ పది మీటర్ల దగ్గర ఆగిపోయి ఉంటే ప్రతిదానికీ ఇప్పుడొచ్చే వాటాయే వచ్చేది. పక్కది ఒక మీటరు పెరిగింది కాబట్టి ఇది రెండు మీటర్లు పెరిగింది, అలా వందల ఏళ్ళ సంపాదనంతా మాను కట్టడానికే పోసింది. పువ్వుకీ కాయకీ పోవలసిన శక్తి అది. ఇంత చేసినా ఎవరికీ అదనంగా ఒక్క కిరణం దక్కలేదు. కానీ ఏ ఒక్క చెట్టూ తనంతట తాను ఆగలేదు, ఆగితే నీడలో చస్తుంది.

పోటీ గురించి మాట్లాడే ప్రతి చోటా నేను అడిగే ప్రశ్న ఈ చెట్ల దగ్గరే పుట్టింది. ఈ ఇద్దరూ ఇంత ఒళ్ళు హూనం చేసుకుంటున్నారు కదా, దీనివల్ల బాగుపడే మూడోవాడు ఎవరు? అడవిలో ఆ మూడోవాడు కొమ్మల్లో గూడు కట్టుకునే పక్షి కావచ్చు, గొడ్డలి పట్టుకొచ్చే మనిషి కావచ్చు. చెట్టుకు మాత్రం ఒరిగిందేమీ లేదు.

వ్యాపారంలో పోటీని మనం మెచ్చుకునేది సరిగ్గా ఈ మూడోవాడి కోసమే. కొనేవాడి కోసం. రెండు కంపెనీలు కొట్టుకుంటే మనకు ధర తగ్గుతుంది, సరుకు బాగుపడుతుంది. ఆ కంపెనీలకు అది సుఖమేమీ కాదు. సందు దొరికితే వాళ్ళే ఆ పోటీని ఎత్తేస్తారు. 1924లో జెనీవాలో అదే జరిగింది. ఓస్రామ్, ఫిలిప్స్ లాంటి పేరున్న బల్బుల కంపెనీలు ఫీబస్ అనే కూటమి కట్టి మార్కెట్లు పంచుకున్నాయి. పంచుకోవడంతో ఊరుకోలేదు. అప్పటికి 1,500 నుంచి 2,000 గంటలు వెలుగుతున్న బల్బు ఇకపై 1,000 గంటలే వెలగాలని ఒప్పందం చేసుకున్నాయి. ఏ కంపెనీ బల్బు ఎంతసేపు వెలుగుతోందో పరీక్షించి, అంతకంటే ఎక్కువసేపు వెలిగే బల్బు చేసిన సభ్యుడికి జరిమానా వేశాయి. ఎక్కువ మన్నితే వెలుతురు తగ్గుతుందని వాళ్ళు ఒక సాంకేతిక కారణం చూపించేవారు, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ మంచి సరుకు చేసినందుకు జరిమానా అన్నది ప్రత్యర్థులు చేతులు కలిపిన చోటే సాధ్యం. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేదాకా ఈ ఏర్పాటు నడిచింది. పోటీ పూర్తిగా పోవాలని కోరేవాళ్ళు ఈ బల్బుల్ని గుర్తుంచుకోవాలి.

మరి పోటీ ఉంటే చాలా? డాస్లర్ అన్నదమ్ములు రుడాల్ఫ్, అడాల్ఫ్ జర్మనీలో హెర్జోగెనౌరాఖ్ అనే చిన్న ఊళ్ళో కలిసి బూట్ల ఫ్యాక్టరీ నడిపారు. 1936 ఒలింపిక్స్‌లో అమెరికా పరుగు వీరుడు జెస్సీ ఓవెన్స్ వేసుకున్నది వాళ్ళు చేసిన బూట్లే. 1948లో విడిపోయారు. తమ్ముడు అడాల్ఫ్‌ది అడిడాస్, అన్న రుడాల్ఫ్‌ది ప్యూమా. నదికి ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు, ఊరు రెండుగా చీలింది. ఎదుటి మనిషితో మాట్లాడే ముందు వాడి కాళ్ళ వంక చూసి ఏ బూట్లో తెలుసుకునేవాళ్ళట, అందుకే దానికి మెడలు వంచిన ఊరని పేరొచ్చింది. మంచి బూట్లు రాలేదని అనను, ఆ పంతంలో రెండు కంపెనీలూ అద్భుతమైన బూట్లు చేశాయి, ఆటగాళ్ళు బాగుపడ్డారు. అయితే దశాబ్దాల పాటు ఆ రెండు కుటుంబాల చూపూ నదికి అవతలి ఒడ్డు మీదే ఉండిపోయింది. 1970ల్లో అమెరికాలో జనం జాగింగ్‌కు ఎగబడ్డారు. ఆ ఊపును పట్టుకున్నది నైకీ, 1980 వచ్చేసరికి అమెరికా మార్కెట్లో దానిదే పైచేయి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది అనే సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

అంటే మూడోవాడు రెండు రకాలు. ఇద్దరి పోటీ వల్ల మేలు పొందే కొనుగోలుదారు ఒకడు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండగా వెనక నుంచి వచ్చే పిల్లి ఇంకొకటి. మొదటివాడి మీద చూపు ఉన్నంతకాలం పోటీ ఆరోగ్యంగా ఉంటుంది. ప్రత్యర్థి మీదకే చూపు మళ్ళిందో, పిల్లికి దారి తెరిచినట్టే.

ఇంకో పాత్ర కూడా కావాలి, అంపైర్. దీనికి కూడా ప్రకృతే మంచి సాక్ష్యం ఇస్తుంది. రాబర్ట్ పైన్ అనే శాస్త్రవేత్త 1963లో అమెరికా పశ్చిమ తీరాన ఒక రాతి ఒడ్డు మీద ఒక పని మొదలుపెట్టాడు. రాళ్ళకు అంటుకుని ఉండే స్టార్‌ఫిష్‌లను పెకలించి సముద్రంలోకి విసిరేసేవాడు. కొంత మేర మాత్రమే ఇలా చేసి, పక్కనున్న మేరను అలాగే వదిలేశాడు. స్టార్‌ఫిష్ క్రూరమైన వేటగాడు, అది పోతే మిగతా జీవులు సుఖంగా ఉండాలి కదా? జరిగింది పూర్తిగా తిరగబడింది. అంతవరకు స్టార్‌ఫిష్‌కు ఆహారమైన మస్సెల్ అనే ఆల్చిప్పలు అడ్డూ అదుపూ లేకుండా రాయినంతా ఆక్రమించాయి. 15 రకాల జీవులున్న చోట 8 మిగిలాయి. అందరికంటే బలమైన పోటీదారుడిని అదుపులో పెట్టేవాడు ఉన్నంతకాలమే మిగతావాళ్ళ పోటీకి చోటుంది. గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే చట్టాలు స్వేచ్ఛా పోటీకి అడ్డం అనేవాళ్ళకు నేను చెప్పేది ఈ ఒడ్డు కథే. అంపైర్‌ను తీసేస్తే మిగిలేది ఒకే ఆటగాడు.

చట్టం ఒక్కటే కాదు, ఆటగాళ్ళ లోపల కూడా ఒక హద్దు ఉండాలి. 2006లో కోకా కోలా ఉద్యోగి ఒకరు, మరికొందరితో కలిసి, ఆ కంపెనీ రహస్య పత్రాలను పెప్సీకి అమ్మజూపారు. పెప్సీ వాళ్ళు ఆ సంగతి నేరుగా కోకా కోలాకే చెప్పారు. విషయం అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దాకా వెళ్ళింది, దొంగలు దొరికారు. వందేళ్ళ పోటీ ఉన్న ఇద్దరి మధ్య జరిగిన ఈ సంఘటన నాకు చాలా ఇష్టం.

ఇక మన రోజువారీ బతుకు. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఉన్నట్టుండి రేటింగ్ పద్ధతి మారింది. టీమ్ ఎంత బాగా పనిచేసినా సరే, అందులో కొంతమందికి తప్పనిసరిగా అడుగు రేటింగ్ ఇవ్వాలన్నారు. అమెరికన్ కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌లో దాని అధిపతి జాక్ వెల్చ్ పేరు తెచ్చిన పద్ధతి ఇది, పైన 20 శాతం, మధ్యన 70, కింద 10, ఆ కింది పదిని సాగనంపాలి. అంతకుముందు మా దగ్గర ఎవరికైనా పని ఇరుక్కుంటే కుర్చీ వెనక్కి తిప్పి అడిగితే చాలు, నలుగురు లేచి వచ్చేవాళ్ళు. పద్ధతి మారాక కుర్చీలు తిరగడం మానేశాయి. ఒక రాత్రి సర్వర్ పడిపోయింది. అదే సమస్యను అంతకుముందు పరిష్కరించిన ఒకాయన ఉన్నాడు, ఏం చేయాలో అంచెలంచెలుగా రాసిపెట్టుకున్న నోట్ కూడా ఆయన దగ్గరుంది. మేమంతా గంటల తరబడి తలలు బద్దలు కొట్టుకున్నాక చివరికి ఆయనే వచ్చి సరిచేశాడు. ఆ నోట్ అందరికీ పంపొచ్చు కదండీ అని అడిగితే, "రివ్యూలు అయిపోనివ్వండి, అప్పుడు గ్రూపులో పెడతాను" అన్నాడు. మొహమాటం కూడా పడలేదు. ఆయన చెడ్డవాడు కాదు, చాలా మంచి మనిషి. ఇంటి లోను, పిల్లల చదువు, ఆ టెన్షన్ ఆయనది. ఆ పద్ధతిలో నోట్ పంచడమంటే తన ర్యాంకు తాను దించుకోవడమే. సర్వర్ ఆగినంతసేపూ ఇబ్బంది పడింది మా కస్టమర్లు. ఎవరి మేలు కోసం పోటీ పెట్టాలో వాళ్ళకే నష్టం చేసే పోటీని మా కంపెనీ జీతాలిచ్చి మరీ పెంచింది. మైక్రోసాఫ్ట్ ఇలాంటి పద్ధతిని కొన్నేళ్ళు నడిపి 2013లో ఎత్తేసింది.

ప్రత్యర్థి ఉంటే మనిషి ఇంకా బాగా చేస్తాడన్నది నిజమే. దూరపు పరుగు పోటీల రికార్డులు తిరగేసిన ఒక అధ్యయనం, తన పాత ప్రత్యర్థి కూడా పరుగులో ఉన్నప్పుడు మనిషి కిలోమీటరుకు దాదాపు 5 సెకన్లు వేగంగా పరిగెత్తుతాడని తేల్చింది. ఇంకో అధ్యయనం ఇటలీ ఫుట్‌బాల్ లీగ్‌ను చూసి, బద్ధ ప్రత్యర్థుల మధ్య జరిగే మ్యాచుల్లో యెల్లో కార్డులు ఎక్కువని చెప్పింది. వేగాన్నిచ్చే నిప్పే తప్పుడు పనులకూ దారి తీస్తుంది. ఆటలో అంపైర్ చేతిలో కార్డు ఉంటుంది. ఇంట్లో, బంధువుల్లో, ఇరుగుపొరుగులో ఎవరి చేతిలో ఉంటుంది?

ఆటలో జరిగే పోటీ ఎంత గొప్పగా ఉండగలదో చెప్పడానికి నాకు క్రిస్ ఎవర్ట్, మార్టినా నవ్రతిలోవాల టెన్నిస్ చాలు. 1973 నుంచి 1988 దాకా 80 సార్లు తలపడ్డారు, అందులో 60 ఫైనల్స్. మొదటి 25 మ్యాచుల్లో 21 ఎవర్టే గెలిచింది. నవ్రతిలోవా 1981లో తన కసరత్తు, తిండి, ఆట అన్నీ మార్చేసింది, ఆ తర్వాత వరుసగా 13 సార్లు ఎవర్ట్‌ను ఓడించింది. అప్పుడు మారడం ఎవర్ట్ వంతైంది. పాత రాకెట్ పక్కన పెట్టింది, జిమ్ మొదలుపెట్టింది, 1985 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో మూడో సెట్ 7-5తో నవ్రతిలోవాను ఓడించింది. అప్పటికి ఆమెకు 30 ఏళ్ళు. ఒకరు లేకపోతే రెండోవాళ్ళు అంత ఎత్తుకు వెళ్ళేవాళ్ళు కారని ఆ మ్యాచులు చూసిన ఎవరైనా ఒప్పుకుంటారు. ఆ ఇద్దరూ ఆ పోటీని తామే ఎంచుకున్నారు, దానికి కోర్టు, గీతలు, చివరి పాయింటు ఉన్నాయి. చివరి పాయింటు అయ్యాక మాట్లాడుకోవడానికి స్నేహం మిగిలింది.

ఇంట్లో పిల్లల మీద రుద్దే పోటీకి ఈ మూడూ ఉండవు. పిల్ల 92 మార్కులతో పరిగెత్తుకొస్తుంది. "ఫస్ట్ ఎవరికొచ్చింది?" అని అడుగుతాం. ఆ ఒక్క ప్రశ్నతో 92 చిన్నబోతుంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచినవాళ్ళ ముఖకవళికలను అమెరికన్ మనస్తత్వవేత్తలు పరిశీలించారు. వెండి పతకం వచ్చినవాళ్ళకంటే కంచు పతకం వచ్చినవాళ్ళు ఎక్కువ ఆనందంగా కనిపించారు. వెండి వాళ్ళ మనసు బంగారం మీద ఉంది, కంచు వాళ్ళు అసలు పతకమే రాని నాలుగో మనిషిని తలుచుకున్నారు. ప్రపంచంలో రెండోవాడిగా నిలిచిన మనిషినే ఈ లెక్క ఏడిపించగలిగితే, ఎనిమిదేళ్ళ పిల్ల ఎంత? ఇందులో బాగుపడే మూడోవాడు ఎవరో ఎంత వెతికినా నాకు కనిపించలేదు. అక్క మార్కులు చూపించి తమ్ముణ్ణి తిడితే అక్కకు లాభం లేదు, తమ్ముడికి లాభం లేదు, అమ్మానాన్నలకు అంతకన్నా లేదు. అందరూ మాను కట్టుకుంటూ పోవడమే.

"సీట్లు తక్కువ, రాసేవాళ్ళు ఎక్కువ, ఇప్పటినుంచే అలవాటు కాకపోతే ఎలా?" అంటారు. ఇది గట్టి ప్రశ్నే, కొట్టిపారేయను. సీట్లు నిజంగానే తక్కువ, ప్రవేశ పరీక్షలో తలపడక తప్పదు. కానీ ఆ పోటీ పరీక్ష రాసే ఆ కొన్ని గంటలది. దానికి ముందున్న పదేళ్ళు చదువుకోవడానికి. ఆ పరీక్ష వేలమందితో, లక్షలమందితో జరుగుతుంది, పక్క బెంచీ పిల్లాడు వాళ్ళలో ఒకడు మాత్రమే. వాడికి ఒక లెక్క నేర్పినంత మాత్రాన మన పిల్ల సీటు పోదు. నేర్పడంలో ఆ లెక్క మన పిల్లకే ఇంకా బాగా వంటబడుతుంది. టీచర్లు మార్కుల పక్కన ర్యాంకు రాసే బదులు అదే పిల్లకు కిందటి పరీక్షలో ఎన్ని వచ్చాయో రాస్తే పైసా ఖర్చు లేదు. "నీ స్నేహితురాలికి ఎన్ని?" అని అడిగే బదులు "ఏ ప్రశ్న పోయింది? రా, చూద్దాం" అంటే ఇంట్లో ఒక అరగంట చదువు నడుస్తుంది. నేను అడిగేది ఇంతే, ఈ రెండూ రేపటినుంచే చేయొచ్చు.